స్టేజ్ 2 చేసిన ఆక్టేవియా ఆర్‌ఎస్ కొనొచ్చా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మియాపూర్‌లో ఇల్లు. కాలేజీ రోజుల నుంచి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ అంటే పిచ్చి. ఇప్పుడు బెంగళూరులో 2017 మోడల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. 58 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇప్పుడున్నది మూడో ఓనర్. స్టేజ్ 2 చేశారు. అంటే ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రాం మార్చడం), డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం), ఇంటేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే భాగం), పెద్ద ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది), కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే సస్పెన్షన్), 19 అంగుళాల వీల్స్ అన్నీ ఉన్నాయి. 310 హార్స్‌పవర్ వస్తుందంటున్నారు. 21 లక్షలు అడుగుతున్నారు. మోడిఫికేషన్లకే 6 లక్షలు పెట్టానని, అది ఊరికే వస్తున్నట్టేనని చెబుతున్నారు. నా దగ్గర 15 లక్షలున్నాయి, మిగతాది పర్సనల్ లోన్ తీసుకోవాలి. ఇంట్లో ఇదొక్కటే కారు అవుతుంది. పాపకు రెండేళ్లు. అమ్మానాన్నలు నెల్లూరులో ఉంటారు కాబట్టి రెండు నెలలకోసారి వెళ్లొస్తాం. మా ఆవిడ వద్దంటోంది. ఆదివారం బండి చూడటానికి వెళ్తున్నాను. కొనాలా, వద్దా?
— ఒక పాఠకుడు, మియాపూర్

సమాధానం:

ఈ ధరకు, పర్సనల్ లోన్‌తో, ఇంట్లో ఉండే ఒకే ఒక్క కారుగా అయితే వద్దు. కానీ ఆదివారం ప్రయాణం మానుకోమని చెప్పను. వెళ్లి చూడండి. అమ్మే ఆయన కొన్నింటికి ఒప్పుకుంటే నా మాట మారుతుంది. అవేంటో చెబుతాను.

ముందు ఆ కారు గురించి. మీ పిచ్చిలో తప్పేం లేదు. 2017లో ఆర్‌ఎస్ 230 వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర పాతిక లక్షల లోపే. 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్, వెనక నలుగురి సూట్‌కేసులు పట్టే డిక్కీ. ఆ డబ్బుకు అంత వేగం, అంత చోటు ఇచ్చిన బండి మన మార్కెట్లో అప్పుడు ఇంకొకటి లేదు. తెచ్చినవే కొన్ని వందలు. తర్వాత 2020లో ఆర్‌ఎస్ 245 వచ్చింది, దాదాపు 36 లక్షలకు 200 బండ్లు మాత్రమే. 2025 అక్టోబరులో కొత్తది దాదాపు 50 లక్షలకు, 100 బండ్లు మాత్రమే. అందుకే ఎనిమిదేళ్లు దాటినా 2017 బండికి ఇంకా ఇంత గిరాకీ. బాగా చూసుకున్న ఆర్‌ఎస్ దొరికితే కొనుక్కోమనే చెబుతాను. మీ ముందున్నది మాత్రం అదే కారు అని అనుకోకండి. ఇంజన్, సస్పెన్షన్, వీల్స్ మూడింటిలోనూ కంపెనీ లెక్కను మార్చిన కారు అది. ఆ మార్చినవాళ్లు ఎవరు, ఎంత శ్రద్ధగా మార్చారు అన్నదే ఇక్కడ అసలు విషయం. మూడో ఓనర్ అంటున్నారు కాబట్టి, ఇప్పుడు అమ్మే ఆయనకైనా అది పూర్తిగా తెలుసో లేదో కనుక్కోవాలి.

పన్నెండేళ్ల కిందట నేనూ ఇలాంటి బండే కొన్నాను. మార్పులు చేసిన సెడాన్, చూడగానే మనసు పారేసుకున్నాను. ఆరో నెలలో, వానలో, రాత్రి పదకొండింటికి సూర్యాపేట దాటాక డ్యాష్‌బోర్డు మొత్తం ఆరిపోయింది. తెల్లారాక మెకానిక్ డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూపించాడు. కంపెనీ వైరింగ్‌ను మధ్యలో కోసి, రెండు వేరే రంగుల వైర్లు మెలితిప్పి, నల్ల టేపు చుట్టారు. ఎండకు టేపు జిగురు కరిగి కార్పెట్‌కు అంటుకుంది. దాని కింద నీళ్లు. ఆ వైర్లు టర్బో ఒత్తిడి చూపించే బూస్ట్ మీటర్ కోసం లాగినవి. మీటర్ తర్వాత ఎవరో పీకేశారు, వైర్లు మాత్రం అలాగే వదిలేశారు. నాకు అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, ఆయనకూ తెలియదు. ఆ రాత్రి కారులో మా అమ్మ ఉంది. అందుకే మీ ఉత్తరంలో నెల్లూరు, రెండేళ్ల పాప అని చదవగానే ఇంత పొడుగ్గా రాయాలనిపించింది.

ఇక ఆ 6 లక్షల సంగతి. ఆయన నిజంగానే పెట్టి ఉండొచ్చు. అద్దె ఇంట్లో మనం చేయించుకున్న చెక్కపనికి ఓనరు డబ్బు తిరిగి ఇవ్వడు కదా, ఇదీ అలాగే. బ్యాంకు వాల్యుయేషన్‌లో మోడిఫికేషన్లకు విలువ కట్టరు. రేపు మీరు అమ్మబోయినప్పుడు కూడా కొనేవాళ్లలో చాలామంది స్టేజ్ 2 అనగానే ఫోన్ పెట్టేస్తారు. ఇదే ఏడాది, ఇన్నే కిలోమీటర్లు తిరిగిన, మార్పులు లేని ఆర్‌ఎస్ ఎంతకు పోతోందో నాలుగు చోట్ల కనుక్కోండి. దానికంటే తక్కువ దగ్గర బేరం మొదలుపెట్టాలి. ఎక్కువ ఇవ్వాల్సిన పని లేదు. ఆయన నొచ్చుకుంటారేమో అని మొహమాటపడకండి.

దీని మీద ఇంకో ఖర్చు ఉంది. అది మీ లెక్కలో లేనట్టుంది. బండి కర్ణాటక నంబరుది. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. లైఫ్ ట్యాక్స్ ఇక్కడ మళ్లీ కట్టాలి. కారు అసలు ధరను, వయసును బట్టి లెక్క వేస్తారు. ఇంత ఖరీదైన కారుకు అది వేలతో పోదు, లక్షల్లోకి వెళ్తుంది. ఎంతవుతుందో మీ ఆర్టీఏ ఆఫీసులో శనివారం లోపే అడిగి పెట్టుకోండి. దాంతోపాటు అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ రావాలి. పాత లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, లోన్ తీరిందని చెప్పే ఫారం 35 కూడా ఉండాలి. చలాన్లన్నీ కట్టేసి ఉండాలి. వీటికంటే ముఖ్యమైనది ఒకటుంది. నంబరు మార్పుకు ఆ బండిని మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. ఆ చప్పుడుతో, ఆ వీల్స్‌తో, ఆ ఎత్తుతో నిలబెట్టాలన్నమాట.

అక్కడే చట్టం సంగతి వస్తుంది. బెంగళూరులో, హైదరాబాద్‌లో ఇలాంటి బండ్లు బోలెడు తిరుగుతున్నాయి, ఏం కాదులే అని ఆయన చెప్పి ఉంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో ఇదే స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పుకు ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్నది గమనించండి. మీరు రాసిన జాబితాలో ఆరున్నాయి. సైలెన్సర్లు రోడ్డు మీద పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. అవి ఎక్కువగా బైకులవే, కానీ చప్పుడు రూలు కారుకూ అదే.

నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టేది ఇన్సూరెన్సు. మార్పులు చేసిన సంగతి ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా పాలసీ తీసుకుని, రేపు ప్రమాదం జరిగితే సర్వేయర్ బోనెట్ ఎత్తుతాడు. అంత పెద్ద ఇంటర్‌కూలర్, ఆ డౌన్‌పైప్ కనిపించకుండా పోవు. ఓన్ డ్యామేజ్ క్లెయిమ్, అంటే మీ బండికి జరిగిన నష్టం డబ్బు, ఇవ్వం అని చెప్పడానికి వాళ్లకు కారణం దొరికినట్టే. 20 లక్షల బండి, దాని మీద పర్సనల్ లోన్ ఈఎంఐ, బండేమో షెడ్డులో. ఆ పరిస్థితి మీ ఇంటికి రాకూడదు. పాలసీ బదిలీ గురించి కూడా చాలామందికి తెలియనిది ఒకటుంది. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ కవర్ దానంతటదే మీకు వస్తుంది. ఓన్ డ్యామేజ్ కవర్ కోసం మాత్రం 14 రోజుల లోపు మీరే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయన నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు. కొనడానికి ముందే ఇన్సూరెన్సు కంపెనీకి ఈ మార్పుల జాబితా మెయిల్ పెట్టి, ఏవి కవర్ చేస్తారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో ఏజెంటు చెప్పే మాట సరిపోదు.

ఇప్పుడు బండి దగ్గరకు వెళ్దాం.

వెళ్లేముందు రోజు ఆయనకు ఒకటే చెప్పండి: "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ." వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకో అడగండి. వేడెక్కిన ఇంజన్ చాలా రోగాలను దాచేస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు మీరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడండి, వెంట వచ్చినవాళ్లను బోనెట్ దగ్గర నిలబెట్టండి. నీలం పొగ వస్తే లోపల ఆయిల్ కాలుతోంది. మొదటి రెండు మూడు సెకన్లు ముందువైపు గొలుసు గలగలలాడినట్టు వినిపిస్తే టైమింగ్ చెయిన్ సంగతి చూడాలి. న్యూట్రల్లో గడగడమని, క్లచ్ పడగానే తగ్గే చప్పుడు ఉంటే ఫ్లైవీల్‌ను అనుమానించాలి.

దానికంటే ముందు, ఇగ్నిషన్ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా మీటర్ వైపు చూడండి. పసుపు రంగులో ఇంజన్ బొమ్మ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో నోరు నొక్కేశారు. ఇది రెండు సెకన్ల పని, కొనేవాళ్లలో నూటికి తొంభై మంది చూడరు. వెలిగినా పూర్తిగా నమ్మడానికి లేదు. పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన బండ్లలో, ఆ తప్పు లైటు రూపంలో బయటపడకుండా రీమ్యాప్‌లోనే దాన్ని ఆపేస్తుంటారు. కాబట్టి నేరుగా అడగండి: డౌన్‌పైప్‌లో క్యాట్ ఉందా, లేదా? లేకపోతే ఆ బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ న్యాయంగా రాదు. మీ పాప వెనక సీట్లో ఉండగా ట్రాఫిక్‌లో ఆ వాసన ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి.

రీమ్యాప్ ఎవరు చేశారో పేరు, బిల్లు అడగండి. పేరున్న ట్యూనర్ అయితే చాసిస్ నంబరు చెబితే వాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది, ఫోన్ చేసి సరిచూసుకోవచ్చు. బిల్లు లేదు, ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌తో వేశాడు అంటే అది ఎక్కడి ఫైలో ఎవరికీ తెలియదని అర్థం. అలాగే ఆ మ్యాప్ ఏ ఆక్టేన్ పెట్రోలుకు రాశారో అడగండి. పెట్రోలు ముందే అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. ఎక్కువ ఆక్టేన్‌కు రాసిన మ్యాప్‌లో తక్కువ ఆక్టేన్ పోస్తే, సిలిండర్లో మిశ్రమం సమయానికి ముందే భగ్గుమంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. ఈసీయూ దాన్ని పసిగట్టి స్పార్క్‌ను వెనక్కి లాగి ఇంజన్‌ను కాపాడుతుంది, కానీ కొంతవరకే. హైదరాబాద్‌లో ఎక్స్‌పీ100 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు దొరికే బంకులు కొన్ని ఉన్నాయి. లీటరు ధర మామూలు పెట్రోలు కంటే చాలా ఎక్కువ. మరి నార్కట్‌పల్లి నుంచి అద్దంకి వెళ్లే దారిలో, రాత్రి తొమ్మిదింటికి, ట్యాంకు అడుగంటితే ఏం పోస్తారు? మీ వాడకానికి ఈ ఒక్క ప్రశ్నే చాలా పెద్దది. మామూలు పెట్రోలుతో నడిచే మ్యాప్‌కు మార్చుకోవడానికి వీలుందో లేదో ట్యూనర్‌నే అడగాలి.

గేర్‌బాక్స్ విషయంలో తొందరపడకండి. ఇది ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండే రకం. గట్టిదే. కానీ కంపెనీ దానికి ఇచ్చింది 350 న్యూటన్ మీటర్లు. స్టేజ్ 2లో అది 400 దాటుతుంది. దీనికి 60 వేల కిలోమీటర్లకు గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఈ బండి 58 వేల దగ్గర ఉంది. రీమ్యాప్ చేసిన బండికి ఇది ముందే అయిపోయి ఉండాలి. బిల్లు చూపిస్తే ఆయన మీద నా గౌరవం పెరుగుతుంది. ఇంకా టైముందిగా అంటే తగ్గుతుంది. నడిపేటప్పుడు మూడో గేర్లో, తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, బండి మాత్రం అంత ముందుకు రాకపోతే క్లచ్ జారుతోంది. తర్వాత సెల్లార్ ర్యాంపు మీద ఆపి, రివర్స్‌లో మెల్లగా పైకి ఎక్కించండి. వణుకు, కుదుపు ఉంటే అక్కడ తెలుస్తుంది.

కిందికి వంగి టైర్లు చూడండి. లోపలి అంచు నున్నగా అరిగి, బయటి అంచు కొత్తగా ఉంటే, బండిని కిందికి దించాక అలైన్‌మెంట్ సరిగా చేయించలేదన్నట్టు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. నిజంగా కాయిలోవర్లేనా, లేక కంపెనీ స్ప్రింగులనే కట్ చేశారా అన్నది వీల్ విప్పితేనే తెలుస్తుంది. విప్పించండి. కట్ చేసిన స్ప్రింగులైతే ఇంక మాట్లాడకుండా వచ్చేయండి, ఆ ఒక్క విషయంలో నేను ఏ సర్దుబాటూ ఒప్పుకోను. ఇంజన్ నంబరు కూడా ఆర్‌సీలో ఉన్నదేనో సరిచూడండి. రీమ్యాప్ తర్వాత ఇంజన్ పోయి వేరేది ఎక్కించిన బండ్లు ఉంటాయి.

ఇవన్నీ మీరు చూడగలిగేవి. నిజం చెప్పే పరీక్షలు ఇంకా రెండున్నాయి, వాటికి ఆయనకు సంబంధం లేని మెకానిక్ కావాలి. ఒకటి కంప్రెషన్ టెస్ట్. నాలుగు స్పార్క్ ప్లగ్గులు విప్పి గేజీ పెట్టి చూస్తారు, గంట పని. నాలుగు సిలిండర్లూ దాదాపు ఒకే అంకె చూపించాలి. ఒక్కటి బాగా తగ్గితే ఆ ఇంజన్ లోపల జరగరానిది జరిగింది. రెండోది, స్కానర్ పెట్టి నడుపుతూ రికార్డ్ చేయడం. టర్బో ఎంత బూస్ట్ అడిగితే ఎంత వస్తోంది, నాకింగ్ వల్ల ఏ సిలిండర్లో స్పార్క్ ఎంత వెనక్కి పోతోంది అన్నది అందులో కనిపిస్తుంది. ఒక్క సిలిండర్‌కే పదేపదే ఎక్కువ వెనక్కి పోతుంటే జాగ్రత్త. వీటికి ఒప్పుకోనంటే కారణం ఏం చెప్పినా బేరం అక్కడితో వదిలేయండి. మెకానిక్‌కు ఇచ్చే నాలుగైదు వేలు వృథా అని అనుకోకండి.

ఇక నేను మొదట్లో చెప్పిన షరతులు. కంపెనీ విడిభాగాలు ఎక్కడున్నాయి? అసలు డౌన్‌పైప్, ఇంటేక్ పెట్టె, ఇంటర్‌కూలర్, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, కంపెనీ వీల్స్. శ్రద్ధగా మార్పులు చేసుకునేవాళ్లు వీటిని అట్టపెట్టెల్లో సర్ది గ్యారేజీలో పెట్టుకుంటారు. ఆయన తలుపు తీసి ఆ పెట్టెలు చూపిస్తే, ఈ బండి మంచి చేతుల్లో ఉందని నేను సగం నమ్ముతాను. మొదటి ఓనరే అమ్మేశాడంటే, ఆ ముక్కలు ఇప్పుడు కొనాలంటే ఎంతవుతుందో లెక్క కట్టి, అంతా ధరలోంచి తీసేయండి. బండిని కంపెనీ స్థితికి తెచ్చి, కంపెనీ మ్యాప్ వేయించి, ఆయన ఖర్చుతోనే మీకు అప్పగించాలి. తీసేసిన ముక్కలు ఆయనే అమ్ముకోవచ్చు, ఆయన పెట్టిన 6 లక్షల్లో కొంత అలా తిరిగి వస్తుంది. అలా అయితే 310 పోయి 230 మిగులుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి గంటకు 120. ముందు చక్రాల మీదే నడిచే ఈ బండికి, వానలో తడిసిన రోడ్డు మీద, 230నే అదుపులో పెట్టుకోవడం నేర్చుకోవాలి. నిజంగా తొక్కి చూడాలనుంటే చెన్నై దగ్గర, కోయంబత్తూరులో ట్రాక్‌లున్నాయి, ఏడాదికోసారి వెళ్లండి.

డబ్బు గురించి చివరి మాట. మీ దగ్గరున్న 15 లక్షల్లో కనీసం 3 లక్షలు బండి కొన్నాక మొదటి ఏడాది ఖర్చులకు ముట్టుకోకుండా ఉంచండి. లైఫ్ ట్యాక్స్ వేరే. అంటే మీ చేతిలో నిజంగా ఉన్నది పన్నెండు లక్షల లోపే. ఆ డబ్బుకు ఇవాళ ఆర్‌ఎస్ రాదు, అది నాకూ బాధగానే ఉంది. ఇంట్లో పనికి మంచి సెకండ్ హ్యాండ్ కారు 6, 7 లక్షలకు తీసుకుని, ఇంకో రెండేళ్లు దాచుకుని, మార్పులు లేని ఆర్‌ఎస్‌ను రెండో కారుగా కొనండి. రెండో కారు షెడ్డులో రెండు వారాలున్నా ఇంట్లో ఎవరికీ టెన్షన్ ఉండదు. ఒకే కారైతే, అర్ధరాత్రి పాపకు జ్వరం వచ్చినప్పుడు అది స్టార్ట్ కావాలి.

ఇంత చదివాక కూడా ఆదివారం వెళ్తారని నాకు తెలుసు. అయితే ఒంటరిగా వెళ్లకండి, మీ ఆవిడను తీసుకెళ్లండి. టెస్ట్ డ్రైవ్‌లో ఆమెను వెనక సీట్లో, పాపను కూర్చోబెట్టే చోటే కూర్చోమనండి. నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటించండి, గంట ట్రాఫిక్‌లో తిప్పండి. దిగాక ముందు ఆమెను మాట్లాడనివ్వండి. బయానా మాత్రం ఆ రోజు ఇవ్వొద్దు, వెయ్యి రూపాయలు కూడా.